ప్రకటనల ముచ్చట: ముందు మాట తేలాలి, బొమ్మ తర్వాత

ఈసారి ఉత్తరాలన్నీ నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, గద్వాల వైపు నుంచి వచ్చాయి. ఒకరిది యాడ్ ఆఫీసు, ఒకరిది చేనేత సంఘం, ఒకరిది హైవే హోటల్. అడిగింది వేర్వేరుగా ఉన్నా, కంప్యూటర్ ముందు కూర్చోక ముందు తేల్చుకోవాల్సింది తేల్చుకోకపోవడం వల్లే చాలామందికి డబ్బు వృథా అవుతోంది. అందుకే మొదటి జవాబు కొంచెం పొడుగైంది.

ప్రశ్న: క్లాక్ టవర్ దగ్గర మాది చిన్న యాడ్ ఆఫీసు. ఇద్దరు డిజైనర్లు, ఒక రైటర్, రీల్స్ తీసే అబ్బాయి, నేను. ఏ పనొచ్చినా ఐడియా నేనే చెప్పాలె. వాళ్లు నా మొహం చూసుకుంట కూసుంటరు. నేను చెప్పినట్టు చేస్తే క్లయింట్‌కు నచ్చది, నాలుగైదు సార్లు మార్చాల్సి వస్తది. టీంతోని మంచి పని ఎట్ల చేయించాలె?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీవాళ్లకు ఐడియాలు రావని అనుకోకండి. పని మొదలుపెట్టేటప్పుడు వాళ్ల చేతిలో ఏముంటోందో ఒకసారి చూడండి. చాలా ఆఫీసుల్లో ఉండేది క్లయింట్ పంపిన ఒక్క వాట్సాప్ మెసేజే: "దసరా ఆఫర్ ఫ్లెక్సీ కావాలి, రేపటికల్లా." ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి అన్నది అందులో లేదు, మీ తలలో ఉంది. కాబట్టి వాళ్లు పని గురించి ఆలోచించడం మానేసి, మీ మనసులో ఏముందో కనిపెట్టే ప్రయత్నంలో పడతారు.

ముందు ఒక పేజీ బ్రీఫ్, అంటే ఎవరికి ఏం చెప్పాలో తేల్చే కాగితం, రాయడం అలవాటు చేయండి. ఒక్క పేజీ దాటకూడదు. దేవరకొండ రోడ్డులో బోరు మోటార్లు అమ్మి, రివైండింగ్ చేసే షాపు మీ దగ్గరికి వచ్చిందనుకోండి. బ్రీఫ్‌లో మొదట రాయాల్సింది ఎవరితో మాట్లాడుతున్నామన్నది. "రైతులు" అని రాస్తే చాలదు. "నాలుగెకరాల బత్తాయి తోట, రెండు బోర్లు, ఏప్రిల్‌లో మోటార్ కాలిపోతే కాయ రాలుతుందని నిద్రపట్టని రైతు" అని రాస్తే రైటర్ కళ్లముందు మనిషి నిలబడతాడు. రెండోది, ఆ మనిషి ఇప్పుడు ఏమనుకుంటున్నాడు: "రివైండింగ్‌కు ఇస్తే మూడు రోజులు తిప్పుతారు." మూడోది, మనం ఏం అనుకునేలా చేయాలి: "వీళ్ల దగ్గరికి పోతే ఇయ్యాలనే నీళ్లు పారుతయి." నాలుగోది, చెప్పబోయే ఒకే ఒక మాట: మీ మోటార్ బాగయ్యే దాకా అదే రోజు వేరే మోటార్ బోరులో దింపుతాం. ఐదోది ఆధారం. షాపులో ఎప్పుడూ పన్నెండు మోటార్లు తయారుగా ఉంటాయా? దింపే మనుషులు, బండి ఉన్నాయా? లేకపోతే ఆ మాట రాయడానికి వీల్లేదు, ఇంకో మాట వెతకాలి. చివర తప్పనిసరి వివరాలు, గడువు, బడ్జెట్, క్లయింట్ వైపు నుంచి ఆఖరి మాట ఎవరిది అన్నది. ఈ కాగితం మీద క్లయింట్ సంతకం తీసుకున్నాకే పని మొదలుపెట్టండి.

నాలుగైదు సార్లు మార్పులు రావడానికి రెండే కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, "ఒకే మాట" అన్నచోట మూడు మాటలుంటాయి: తక్కువ ధర, అదే రోజు సర్వీసు, ముప్పై ఏళ్ల అనుభవం. మూడూ పెడితే ఏదీ గుర్తుండదు, క్లయింట్‌కు ప్రతిసారీ ఏదో వెలితిగా అనిపిస్తుంది. రెండోది, బ్రీఫ్ ఒప్పుకున్నది కొడుకు, డిజైన్ చూసి కాదనేది తండ్రి. ఆఖరి మాట ఎవరిదో వాళ్లనే మొదటి మీటింగ్‌లో కూర్చోబెట్టండి.

ఇక టీం సంగతి. రైటర్ రాసి పంపడం, సాయంత్రం ఆరింటికి డిజైనర్ దాన్ని పేర్చడం అనే పద్ధతిని వెంటనే మానేయండి. న్యూయార్క్‌లో 1949లో డోయిల్ డేన్ బెర్న్‌బాక్ సంస్థ మొదలైనప్పుడు బిల్ బెర్న్‌బాక్ తెచ్చిన పెద్ద మార్పు ఇదే: రాసేవాళ్లను, బొమ్మ గీసేవాళ్లను మొదటి నిమిషం నుంచి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం. అంతకుముందు అక్కడా ప్రకటన మాటలు ఒక గదిలో తయారై, బొమ్మ కోసం ఇంకో గదికి పోయేవి. జంటగా కూర్చుంటే రైటర్ బొమ్మ సూచిస్తాడు, డిజైనర్ మాట సూచిస్తాడు. నలుగురున్న మీ టీంకు ఇది ఇంకా సులువు.

బ్రీఫ్ ఇచ్చాక నలభై నిమిషాలు కంప్యూటర్లు, ఫోన్లు పక్కన పెట్టించండి. తెల్లకాగితం, స్కెచ్ పెన్ చాలు. ఒక్కొక్కరు ఇరవై ఐడియాలు రాయాలి, చెత్తవైనా పర్వాలేదు. మొదటి పది అందరికీ తట్టేవే వస్తాయి, పదో పదిహేనో దాటాక గానీ కొత్తది రాదు. ఆ నలభై నిమిషాలూ మీరు నోరు విప్పకండి. ఓనర్ ఐడియా ముందు వస్తే మిగతావాళ్లు దానికి రంగులు వేయడమే పనిగా పెట్టుకుంటారు. మీది ఆఖరున, అందరి కాగితాల మధ్య పేరు లేకుండా కలపండి.

అన్నీ గోడకు అంటించి మూడు ఎంచుకోండి, తెల్లారి మళ్లీ చూడండి. అప్పుడొక పరీక్ష: షాపు పేరు చేతితో మూసి, అదే ప్రకటన మిర్యాలగూడలో పోటీ షాపువాడు వాడుకోగలడా అని అడగండి. వాడుకోగలిగితే అది మీ క్లయింట్ ప్రకటన కాదు. "నాణ్యతకు మారుపేరు", "నమ్మకానికి చిరునామా" లాంటివన్నీ ఈ పరీక్షలో పోతాయి, పోనివ్వండి.

తప్పు చెప్పే పద్ధతిలో చాలామంది ఓనర్లు పొరపాటు చేస్తారు. "ఎరుపు పెంచు, ఫొటో ఎడమకు జరుపు" అన్నారంటే మీరు పరిష్కారం చెప్పారు, ఇబ్బంది ఏమిటో చెప్పలేదు. "అదే రోజు అన్న మాట కన్నా మోటార్ బొమ్మ ముందు కనబడుతోంది" అని చెప్పండి. ఎట్లా సరిచేయాలో డిజైనర్ చూసుకుంటాడు, చాలాసార్లు మీకు తట్టని దారి పట్టుకుంటాడు. "బాలేదు" అన్న ఒక్క మాట మాత్రం అనకండి. ఏది బాలేదో తెలియని మనిషి రెండోసారి భయంతో పనిచేస్తాడు, భయంతో చేసిన పని పాత ఫ్లెక్సీకి నకలుగా వస్తుంది.

క్లయింట్ దగ్గర ముందు బ్రీఫ్ చదివి వినిపించి, తర్వాతే డిజైన్ చూపండి. ఒకటి, మించితే రెండు. ఐదు చూపిస్తే దీని తల, దాని కాళ్లు కలపమంటారు. అక్కడ ఏదైనా నచ్చకపోతే "మావోడు సరిగ్గా చేయలే" అని టీం మీదికి నెట్టకండి. మీరు ఒప్పుకుని తెచ్చిన పని అది, తప్పయినా మీదే. బాగుందని మెచ్చుకుంటే మాత్రం చేసిన పిల్లల పేరు అక్కడే చెప్పండి.

ప్రశ్న: మా చేనేత సంఘంలో 30 మగ్గాలు నడుస్తున్నయి. గద్వాల చీరె పేరుతో మరమగ్గం చీరెలు సగం ధరకు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నరు. "అసలైన గద్వాల" అని ఇన్‌స్టాగ్రామ్‌ల ఎంత పెట్టినా వాళ్లు గూడ అదే మాట పెడ్తరు. తేడా ఎట్ల చూపాలె?
— ఒక సంఘం కార్యదర్శి, జోగులాంబ గద్వాల జిల్లా

జవాబు: అమ్మా, "అసలైన" అన్న పదం ఇక మీకు పనికిరాదు. దొంగసరుకు అమ్మేవాళ్లే ఎక్కువగా వాడే మాట అది. చెప్పడం ఆపి చూపించండి. చూపించడానికి మీ దగ్గర ఉన్నంత గట్టి ఆధారం చాలా పెద్ద కంపెనీల దగ్గర కూడా ఉండదు.

మీకు తెలిసిందే, కొనేవాళ్లకు తెలియనిది చెబుతున్నాం. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి పేక, అంచు పేక వేర్వేరు నాడెలతో పోతాయి, రెండూ కలిసేచోట నేసేవాళ్లు చేత్తో ఒకదానిలో ఒకటి మెలిపెడతారు. మీరు కుట్టు అన్నా, కుప్పడం అన్నా ఆ కూర్పే. అందువల్ల ఒంటి రంగు అంచులోకి పోదు. పసుపు ఒంటికి ఎర్రంచు వేస్తే, తిప్పి చూసినా ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. ఒకే పేక ఈ చివర నుంచి ఆ చివరికి పోయే నకలు చీరలో అంచు మీద ఒంటి రంగు నీడ పడుతుంది, ఎరుపు మసకబారి కనిపిస్తుంది. మీ ప్రకటన మొత్తం ఈ ఒక్క తేడా మీద నిలబెట్టండి: "చీరె తిప్పి చూడండి."

రీల్ 15 సెకన్లు చాలు, ఫోన్ నిలువుగా పట్టుకుని తీయండి. మొదటి మూడు సెకన్లలోనే చీర తిరగబడాలి. మగ్గం చప్పుడుతో, గుడి గోపురంతో మొదలుపెడితే చూసేవాళ్లు అప్పటికే వేలితో పైకి తోసేస్తారు. తర్వాత కూర్పు మీద వేలు పెట్టి దగ్గరగా చూపండి. పక్కన నకలు చీరను అదే వెలుతురులో, అదే దూరంలో పెట్టండి, ఏ కంపెనీదో పేరు మాత్రం కనబడనీయకండి. కిటికీ పక్క పగటి వెలుతురు మేలు, ట్యూబ్‌లైట్ కింద జరీ రంగు మారిపోతుంది. చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి మాటలు తెర మీద పెద్దగా రావాలి. ఇదే మాట చీర మడతలో పెట్టే చీటీ మీద, దుకాణం బోర్డు మీద, వాట్సాప్ క్యాటలాగ్‌లో కూడా ఉండాలి. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్, జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంటే చీటీ వెనుక చూపండి. మీరు చూపించినదానికి అవి బలం ఇస్తాయే తప్ప, వాటితోనే ప్రకటన మొదలుపెడితే ఎవరూ ఆగరు.

ప్రకటనకు ముందు ఇంకో లెక్క వేసుకోవాలి. చీరకు ఆరు రోజులు పడుతుందనుకుంటే, నెలకు 24 పని దినాల్లో ఒక మగ్గం నుంచి నాలుగు చీరలు, 30 మగ్గాల నుంచి 120. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం ప్రకటన పేలి 300 ఆర్డర్లు వస్తే 180 మందికి లేదని చెప్పాలి. అలా చెప్పించుకున్నవాళ్లు మళ్లీ రారు, కొందరు నకలే కొనుక్కుంటారు. అందుకని శ్రావణం సరుకు కోసం జ్యేష్ఠంలోనే మొదలుపెట్టి "ఈ రంగు 12 చీరలే, ఈ తారీఖుకు చేరతాయి" అని ముందస్తు ఆర్డర్లు తీసుకోండి. ఇది అమ్మకం కిటుకు కాదు, మీ మగ్గాల నిజమైన లెక్క. నిజం కాబట్టే నమ్ముతారు.

డబ్బు పెట్టి ప్రచారం చేసేటప్పుడు గద్వాల చుట్టుపక్కల చూపించి లాభం లేదు. హైదరాబాద్, బెంగళూరు ఎంచుకోండి. ఒకే వీడియోకు రెండు మొదళ్లు తీసి వారం పాటు పక్కపక్కన నడిపి, దేనికి ఎక్కువ మంది మెసేజ్ చేస్తే దాని మీదే మిగతా డబ్బు పెట్టండి. లైకులు లెక్కపెట్టకండి.

ప్రశ్న: సూర్యాపేట దాటినంక హైవే మీద హోటల్ పెట్టిన. 20 అడుగులు, 10 అడుగుల హోర్డింగ్ కట్టించిన. మెనూ మొత్తం, నా ఫొటో, రెండు ఫోన్ నంబర్లు ఉన్నయి. కార్లు ఆగుతలేవు.
— ఒక హోటల్ యజమాని

జవాబు: గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం చొప్పున అక్షరం ఎత్తు ఉంటే హాయిగా చదవగలరన్నది బోర్డులవాళ్ల పాత లెక్క. మీ బోర్డు మీద అక్షరం రెండడుగులు ఉందనుకున్నా 240 అడుగుల నుంచి, అంటే సుమారు 73 మీటర్ల నుంచి చదవొచ్చు. అంటే మూడు సెకన్లకు కొంచెం ఎక్కువ. మూడు సెకన్లలో మెనూ ఎవరు చదువుతారు? ఫోన్ నంబర్ ఎవరు రాసుకుంటారు? ఆకలైనవాడు హోటల్‌కు ఫోన్ చేసి రాడు, బండి తిప్పుతాడు.

తెలుగు అక్షరాలకు ఇంకో చిక్కు ఉంది. పైన గుడులు, కింద ఒత్తులు కలిపితే రెండడుగుల అక్షరానికి మూడడుగులకు పైగా జాగా కావాలి. పదడుగుల ఎత్తులో రెండు వరసలు పోను మిగిలేది బాణం గుర్తుకే. "స్వచ్ఛమైన, రుచికరమైన" అని రాస్తే ఒత్తులన్నీ ఇరుక్కుని నల్లటి ముద్దలా కనిపిస్తుంది. "వేడి ఇడ్లీ, 2 కి.మీ., ఎడమ వైపు" అంటే చాలు. ముదురు రంగు మీద పసుపో తెలుపో ఒకే రంగు అక్షరాలు, నీడలు వద్దు.

మధ్యలో డివైడర్ ఉంది కాబట్టి మీ వైపు వచ్చే బండ్లే మీకు గిరాకీ. మీది విజయవాడ వైపు దారైతే, హైదరాబాద్ నుంచి తెల్లవారి ఆరింటికి బయల్దేరినవాళ్లు రెండు, రెండున్నర గంటల్లో మీ దగ్గరికి వస్తారు. అది టిఫిన్ వేళ. పిల్లలతో, పెద్దవాళ్లతో పోయేవాళ్లు అసలు ఆగేది బాత్రూం కోసం. మీ దగ్గర అవి నిజంగా శుభ్రంగా ఉంటే, గంటగంటకూ కడిగే మనిషి ఉంటే, మా సలహా ఇడ్లీ కన్నా ముందు అదే రాయమని: "శుభ్రమైన టాయిలెట్లు, వేడి టిఫిన్." పెద్ద బోర్డు రెండు కిలోమీటర్ల ముందు, చిన్న బాణం బోర్డు మూడు వందల మీటర్ల ముందు ఉండాలి. మొదటిది చూసి మనసులో అనుకుంటారు, రెండోది చూసి వేగం తగ్గిస్తారు. రెండోది లేకపోతే అనుకున్నవాళ్లు కూడా దాటిపోతారు. హైవే జాగాలో పాతకండి. పట్టా భూమి యజమాని ఒప్పందం, స్థానిక సంస్థ అనుమతి రెండూ తీసుకోండి.

ఫ్లెక్సీ షాపుకు ఇచ్చే ఫైల్ గురించి ఒక మాట. యూనికోడ్ తెలుగును పాత ఫొటోషాప్‌లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకుండా అతికిస్తే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. అను ఫాంట్లలో చేసిన ఫైల్‌ను ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గుర్తులవుతాయి. కోరల్‌డ్రాలో అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంట్ అవసరం లేని గీతలుగా) మార్చి, ఒక పీడీఎఫ్ కూడా జతచేసి పంపండి. ప్రింటు కొట్టేముందు తెలుగు చదవడం వచ్చిన మనిషి తెర మీద ప్రతి అక్షరం చూడాలి.

ప్రశ్న: మాది రైస్ మిల్లు. సొంత పేరుతో 25 కిలోల సంచి మార్కెట్‌లోకి తెచ్చాం. మూడు నెలలకు లక్షన్నర ప్రచారానికి పెట్టగలం. డీలర్లు నెలకో కొత్త డిజైన్ కావాలంటున్నారు. డబ్బు ఎక్కడ పెట్టాలి, పనిచేసిందో లేదో ఎట్లా తెలుస్తుంది?
— ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఎవరు కొంటారో మళ్లీ లెక్క చూడండి. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలయ్యాక రేషన్ కార్డున్న ఇళ్లకు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తోంది. రైతు ఇంట్లో సొంత వడ్లు ఉంటాయి. మీ సంచి కొనేది ఎక్కువగా కార్డు లేని జీతగాళ్ల ఇళ్లు, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు, మెస్సులు, హాస్టళ్లు. అంటే ఊరూరా గోడరాతలు మీకు దండగ. పట్టణంలో కాలనీలు, కిరాణా దుకాణాలే మీ చోటు. జీతాలు పడే ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు వరకు ప్రచారం గట్టిగా, మిగతా రోజులు పలచగా.

అన్నిటికన్నా పెద్ద ప్రకటన మీ సంచే. అది వంటింట్లో నెల రోజులుంటుంది. బియ్యం గురించి గృహిణికి ఉండే అసలు దిగులు ముద్దవుతుందా, పలుకుగా వస్తుందా అన్నదే. మీ బియ్యం ఎన్ని నెలలు మాగినవో, గ్లాసుకు ఎన్ని గ్లాసుల నీళ్లో, ఎంతసేపు నానబెట్టాలో సంచి మీద పెద్దగా అచ్చు వేయండి. మాగిన బియ్యానికి నీళ్లు ఎక్కువ కావాలి, కొత్త బియ్యానికి తక్కువ. ఇది చెప్పకపోవడం వల్లే మంచి బియ్యానికి కూడా చెడ్డపేరు వస్తుంది. ప్రతి కొత్త లాటునూ మిల్లులోనే వండి చూసి ఆ నీళ్ల కొలత రాయాలి.

లక్షన్నరలో నలభై వేలు కిరాణాలకు పంచే అరకిలో శాంపిల్ ప్యాకెట్లకు పెట్టమంటాం. వండి తిన్న అన్నానికి మించిన ప్రకటన బియ్యానికి లేదు. ముప్పై వేలు దుకాణాల ముందు బోర్డులకు, నలభై వేలు ఫోన్లలో చిన్న వీడియోలకు, పది వేలు మైకు ఆటోకు. మిగిలిన ముప్పై వేలు కదపకుండా ఉంచి, ఆరు వారాల తర్వాత ఏది పనిచేస్తే దానికే కలపండి. మొదటి రోజే మొత్తం పంచేస్తే తప్పు దిద్దుకునే దారి ఉండదు.

పనిచేసిందా లేదా తెలియాలంటే రెండు పట్టణాలు తీసుకోండి. సూర్యాపేటలో ప్రచారం, నల్లగొండలో ఆరు వారాలు ఏమీ వద్దు. అంతకుముందు ఆరు వారాల అమ్మకం రెండుచోట్లా రాసిపెట్టుకోవాలి. ఉదాహరణకు సూర్యాపేటలో 400 సంచులు 500 అయ్యాయి, నల్లగొండలో 300 సంచులు 330 అయ్యాయి. నల్లగొండ ప్రచారం లేకుండానే నూటికి పది పెరిగింది కాబట్టి సూర్యాపేట కూడా ఎలాగూ 440కి చేరేది. ప్రచారం తెచ్చింది 60 సంచులే. అక్కడ ముప్పై వేలు ఖర్చయితే సంచికి 500 పడింది. సంచి మీద మీకు 60 రూపాయలు మిగిలితే ఆ ఇల్లు తొమ్మిది సంచులు కొన్నాక గానీ ఖర్చు తిరిగి రాదు. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న "ఎంతమంది కొన్నారు" కన్నా "ఎంతమంది రెండో నెల మళ్లీ కొన్నారు" అన్నది. అది రాయడానికి డీలర్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టించండి. పరీక్ష నడిచే వారాల్లో ఒక్క పట్టణంలోనే ధర తగ్గించినా, అక్కడే పెద్ద జాతర పడినా లెక్క చెడిపోతుంది. రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు జాతర రోజులు సూర్యాపేటకు ఎంచుకోకండి.

డిజైన్ సంగతి: డీలర్ రోజూ చూస్తాడు కాబట్టి అతనికి నెలకే విసుగొస్తుంది. కొనేవాళ్లు నెలకు ఒక్కసారి, అదీ అర నిమిషం చూస్తారు. వాళ్ల కంటికి అది ఇంకా అలవాటు కూడా కాలేదు. అమూల్ పాప 1966 నుంచి అదే చుక్కల గౌనులో ఉంది, మారేది ఆ రోజు ముచ్చట మాత్రమే. సంచి రంగు, పేరు రాసే అక్షరాల తీరు, ఒక గుర్తు, ఈ మూడూ ఏళ్ల తరబడి కదపకండి. డీలర్ల తృప్తికి బోర్డు మీద మాట మార్చండి: ఎండాకాలంలో పెరుగన్నం, బతుకమ్మకు పులిహోర, సద్దులు.

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద "జిల్లాలో నం.1" అని, ర్యాంకు వచ్చిన పిల్లల ఫొటోలు వేయిద్దామనుకుంటున్నాం. అందరూ వేస్తున్నారు కదా, ఇబ్బందేమైనా ఉందా?
— మహబూబ్‌నగర్

జవాబు: ఉంది సార్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కోచింగ్ రంగానికి ప్రత్యేకంగా 2024 నవంబరులో మార్గదర్శకాలు వచ్చాయి. ర్యాంకు వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పేరు, ఫొటో వాడకూడదు. చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఏ కోర్సు, ఎంత కాలం చదివారో కూడా రాయాలి. రెండు వారాల టెస్ట్ సిరీస్ రాసిన పిల్లను మూడేళ్లు చదివించినట్టు చూపడం పెద్ద తప్పు.

"నం.1" ఎవరు ఇచ్చారని అడిగితే చూపించే కాగితం లేకపోతే తీసేయండి. తీసేస్తే నష్టం కూడా లేదు, ఊళ్లో పది సెంటర్లూ నం.1 అయినప్పుడు ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు. తల్లిదండ్రులు నిజంగా అడిగేవి వేరు: ఒక సెక్షన్‌లో ఎంతమంది, వెనకబడ్డ పిల్లకు సాయంత్రం ఎవరు చెబుతారు, బస్సు మా ఊరికి వస్తుందా, ఫీజు మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు. జడ్చర్ల నుంచో దేవరకద్ర నుంచో బిడ్డను పంపే తండ్రికి "సెక్షన్‌కు 40 మందే, రాత్రి 7 లోపు ఇంటికి బస్సు" అన్న మాట ఇరవై ఫొటోల కన్నా గట్టిది. అది నిజమైతేనే రాయండి.

ప్రశ్న: మైకు ఆటోకు సినిమా పాట ట్యూన్‌లో మా బట్టల దుకాణం మాటలు పెట్టించొచ్చా? ఎంతసేపు ఉండాలె?
— నాగర్‌కర్నూల్

జవాబు: సినిమా ట్యూన్‌కు హక్కుదారుల అనుమతి కావాలి, మాటలు మార్చినా సరే. అంత తిప్పలెందుకు? ఊళ్లో కోలాటం చెప్పే అమ్మనో, ఒగ్గు కథ చెప్పే అన్ననో పిలిచి డబ్బులిచ్చి, వాళ్ల గొంతులోనే రికార్డు చేయించండి. పేరు వాడుకోవడానికి, గొంతు వాడుకోవడానికి రాసి ఒప్పించుకోండి.

నిడివికి లెక్క ఉంది. ఆటో గంటకు పది కిలోమీటర్లతో పోతే సెకనుకు దాదాపు 2.8 మీటర్లు. ముందూ వెనకా యాభై మీటర్ల దాకా మాట అర్థమయ్యేలా వినబడితే, గుమ్మంలో నిలబడ్డ మనిషికి 35 సెకన్లు దొరుకుతాయి. మీ ప్రకటన 15 సెకన్లుంటే రెండుసార్లు వింటుంది, నిమిషం ఉంటే మధ్య ముక్క విని వదిలేస్తుంది. అందుకే దుకాణం పేరు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి రావాలి. మధ్యలో ఒకే సంగతి: ఏం వచ్చింది, ఎప్పటి దాకా. "గౌరవనీయులైన ప్రజలారా" అన్న మొదలు తీసేయండి, నాలుగు సెకన్లు మిగులుతాయి. గొంతు వెనక డప్పు పెడితే మాట మింగేస్తుంది, డప్పు ముందు రెండు దెబ్బలు కొట్టి ఆపేయాలి.

మైకుకు పోలీసుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా వాడకూడదు, ఆసుపత్రి, బడి, కోర్టు దగ్గర ఆపేయాలి. డ్రైవర్‌కు వీధుల పేర్లు, వేళలు కాగితం మీద రాసివ్వండి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఏడు ఆడవాళ్లు గుమ్మంలోనో, నల్లా దగ్గరనో ఉంటారు. మధ్యాహ్నం రెండింటికి తిప్పితే పడుకున్నవాళ్ల తిట్లు తప్ప ఏమీ రావు.